అక్షరమ్ముక్క ఖరీదెంత?

పండుగ సంచికలో ఈ కంప్యూటర్ల గోల ఏమిటని విసుక్కోకండి. బూరెలు, పులిహోర ఎన్ని ఉన్నా వేపపువ్వు పంటికి తగలకపోతే అది ఉగాది అనిపించుకోదు కదా. ఈ వ్యాసాన్ని ఆ వేపపువ్వు వంతు అనుకోండి. చివరలో కాస్త బెల్లం కూడా ఉంది.

మనం ఉంటున్న ఈ ఊరిని మన తాతలు రంగం అనేవారు. కోరంగి రేవు నుంచి ఓడలెక్కి వచ్చారు కాబట్టి ఇక్కడివాళ్ళు మనవాళ్ళని కొరంగీలన్నారు. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్ నగర జనాభాలో సగానికి పైగా భారతీయులే. రేవులో మూటలు మోసిన చేతులు, బియ్యపు మిల్లుల్లో పనిచేసిన చేతులు చాలావరకు తెలుగు చేతులు. ఆ తరువాత ఎన్నో జరిగాయి. 1930 అల్లర్లు, 1942 కాలినడక, 1964 నాటి తిరుగు ప్రయాణాలు. విశాఖపట్నం కంచరపాలెంలో బర్మా క్యాంపు అనే పేరు ఈనాటికీ అలాగే నిలిచి ఉంది. అన్నిటినీ తట్టుకుని ఇక్కడే మిగిలిపోయిన కుటుంబాలు కొన్ని. మా బోటి డాక్టర్లు, ఇంజనీర్లు ఉద్యోగాల కోసం విమానమెక్కి వచ్చినవాళ్ళు కొందరు. అందరం కలిస్తేనే మన సంఘం.

నేను కంప్యూటరు ఇంజనీరును. మా ఆవిడ డాక్టరు. ఇంట్లో ఇద్దరం రోజూ మాట్లాడుకునే సంగతులలో ఒకటి మీ ముందు పెడుతున్నాను. అది అక్షరాల సంగతి. సాఫ్ట్‌వేరు వ్యాపారంలో చిన్న భాషలకు ఏ గతి పడుతుంది, ఎందుకు పడుతుంది, దానికి బిల్లు చివరికి ఎవరు కడతారు అన్నది ప్రశ్న.

రెండు లిపుల చుట్టరికం

కొత్తగా యాంగోన్‌లో దిగిన తెలుగువాడు విమానాశ్రయం దాటగానే ఒకసారి తికమకపడతాడు. బోర్డుల మీది అక్షరాలన్నీ చదవగలిగినట్లే ఉంటాయి, ఒక్కటీ చదవలేడు. మన ‘గ’కు తలకట్టు తీసేసి చూడండి, దాదాపు బర్మా ‘గ’ అవుతుంది. అదేమీ కాకతాళీయం కాదు. రెండు లిపులూ బ్రాహ్మి దక్షిణాది శాఖ నుంచి వచ్చినవే. అక్షరమాల వరస ఒకటే: క, ఖ, గ, ఘ. తాటాకు మీద గంటంతో గీత గీస్తే ఆకు చీలుతుంది కాబట్టి అక్షరాలు గుండ్రం తిరిగాయని పెద్దలంటారు. మనకు ఒత్తులు ఉన్నట్లే వాళ్ళకు పాళీ మాటలలో కింద చేరే ఒత్తక్షరాలు ఉన్నాయి. మనకు గుణింతం ఉన్నట్లే వాళ్ళకూ ఉంది.

టైపురైటరు యుగం ఇంగ్లీషు లిపి కోసం పుట్టింది. ఒక మీట నొక్కితే ఒక అక్షరం పడుతుంది, దాని పక్కన ఇంకొకటి, అంతే. మన లిపులు అలా కావు. పైకి, కిందికి, ముందుకు, చుట్టూరా కూడా పెరుగుతాయి. బర్మా లిపిలో ఏత్వం గుర్తును హల్లుకు ముందు గీస్తారు, కాని పలికేది హల్లు తరువాత. మరి కంప్యూటరు దాన్ని ఏ వరసలో దాచుకోవాలి? కంటికి కనిపించే వరసలోనా, నోటితో పలికే వరసలోనా? చిన్న ప్రశ్నలాగే ఉంది. దీనికి తప్పు జవాబు చెప్పుకున్నందుకు ఈ దేశం పదేళ్ళకు పైగా మూల్యం చెల్లించింది.

మొదటి కాపీకే ఖర్చంతా

ముందుగా కొంచెం వ్యాపార శాస్త్రం. మీరు గారెలు వేసి అమ్ముతున్నారనుకోండి. పదో గారెకు ఎంత పిండి కావాలో నూరో గారెకూ అంతే కావాలి. సాఫ్ట్‌వేరు అలాంటిది కాదు. మొదటి కాపీ తయారుచెయ్యటానికి కోట్లు ఖర్చవుతాయి, రెండో కాపీకి దాదాపు ఏమీ కాదు. అందువల్ల ఈ వ్యాపారంలో లాభమంతా ఎక్కువమంది వాడే వస్తువులోనే ఉంటుంది. ఇంగ్లీషు కోసం పెట్టిన ఖర్చును వంద కోట్లమంది మీద పంచవచ్చు. అదే ఖర్చు ఒక చిన్న భాషకు పెడితే, పంచుకునేవాళ్ళు కొద్దిమంది, వాళ్ళలో కొనగలిగేవాళ్ళు ఇంకా కొద్దిమంది.

ఇక్కడ జనాభా ఒక్కటే లెక్కలోకి రాదు. 2011 భారత జనాభా లెక్కల ప్రకారం తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్ళు 8 కోట్లకు పైగా ఉన్నారు. 2014 లెక్కల ప్రకారం మయన్మార్ జనాభా 5 కోట్ల 14 లక్షలు. ఈ రెండూ యూరప్‌లోని చాలా దేశాల కన్నా పెద్ద సంఖ్యలు. అయినా ఆ దేశాల భాషలకు ముందే కంప్యూటర్లు వచ్చాయి. ఎందుకంటే కంపెనీ లెక్కపెట్టేది నోళ్ళను కాదు, జేబులను.

జేబులంటే ఇంకో మాట గుర్తుకొస్తుంది. ఇక్కడైనా, హైదరాబాదులోనైనా ఒకప్పుడు సాఫ్ట్‌వేరు అంటే ఫుట్‌పాత్ మీద అమ్మే దొంగ సీడీయే. ఒక కాఫీ ఖరీదుకు ఆపరేటింగ్ సిస్టమ్ వచ్చేది. దానిలోని నీతి అవినీతుల జోలికి నేను పోను. అసలు ధర మన జీతాలకు అందేది కాదన్న మాటా నిజమే. కాని వ్యాపార దృష్టితో చూస్తే దాని ఫలితం ఒకటుంది. డబ్బిచ్చి కొననివాడి మాట దుకాణదారు వినడు. ఈ దేశంలో లక్షలాది కంప్యూటర్లలో విండోస్ నడుస్తున్నా, అమ్మకాల పట్టికలో అవేవీ కనబడవు. కనబడని గిరాకీకి బర్మా అక్షరాలు చేసిపెట్టేదెవరు?

ఈ దేశానికి కంప్యూటరు కొత్తేమీ కాదన్న సంగతి కూడా చెప్పాలి. 1971లోనే రంగూన్‌లో విశ్వవిద్యాలయాల కంప్యూటరు కేంద్రం మొదలైంది, బ్రిటిష్ ఐసీఎల్ యంత్రంతో. అప్పటికి ఆసియాలో చాలాచోట్ల ఆ మాటే తెలియదు. కాని 1996లో వచ్చిన కంప్యూటర్ చట్టం ప్రకారం, కొన్ని రకాల కంప్యూటర్లను అనుమతి లేకుండా ఉంచుకుంటే 7 నుంచి 15 ఏళ్ళ జైలు. తొలి అడుగు ముందే వేసినా, నడక మాత్రం చాలా కాలం ఆగిపోయింది.

జోజీ కథ

ప్రపంచంలోని లిపులన్నిటికీ ఒకే లెక్క ఉండాలని, ప్రతి అక్షరానికీ ఒక శాశ్వత సంఖ్య ఇవ్వాలని పెట్టుకున్న ఏర్పాటు పేరు యూనికోడ్. 1991లో వచ్చిన దాని మొదటి సంచికలోనే తెలుగు ఉంది. భారత ప్రభుత్వం అంతకుముందే ‘ఇస్కీ’ అనే ప్రమాణాన్ని తయారుచేసి ఉండటం వల్ల మన పని సులువైంది. బర్మా లిపికి ఆ గౌరవం 1999లో దక్కింది. దానిలో లోపాలు సరిదిద్ది ఒక స్థిరరూపానికి తెచ్చేసరికి 2008 అయింది.

కాగితం మీద ప్రమాణం ఉండటం వేరు, ఇంట్లోని యంత్రంలో అది పనిచెయ్యటం వేరు. విండోస్‌లో తెలుగు 2001లో ఎక్స్‌పీతో వచ్చింది. బర్మా లిపి 2012లో విండోస్ 8తో వచ్చింది. అంటే ప్రమాణానికీ వాడకానికీ మధ్య మనం పదేళ్ళు ఎదురుచూశాం, వీళ్ళు పదమూడేళ్ళు ఎదురుచూశారు. జనం అన్నేళ్ళు చేతులు కట్టుకుని కూర్చోరు కదా. ఆ ఖాళీలో పుట్టిందే జోజీ.

జోజీ అంటే బర్మా జానపద కథల్లోని రసవాది. అడవిలో మూలికలు ఏరుకుంటూ, మంత్రదండం పట్టుకుని తిరుగుతాడు. మన ‘యోగి’ మాటే అలా మారిందంటారు. ఆ పేరుతో 2000ల నడుమ ఒక ఫాంటు వచ్చింది. ఉచితం. ఏ పాత కంప్యూటరులోనైనా పనిచేస్తుంది. ఎలా పనిచేస్తుందంటే, అక్షరాన్ని నోటి వరసలో కాకుండా కంటి వరసలో దాస్తుంది. ఒకే గుర్తు చోటును బట్టి పొట్టిగా, పొడుగ్గా, వెడల్పుగా మారవలసి వచ్చినప్పుడు, ఒక్కొక్క రూపానికి ఒక్కొక్క సంఖ్య ఇచ్చేస్తుంది. ఆ సంఖ్యలు ఎక్కడివి? యూనికోడ్‌లో మోన్, షాన్, కరెన్ భాషల కోసం అట్టేపెట్టిన సంఖ్యలను తీసుకుంది. ఇంటికి చుట్టాలు వస్తే పక్కింటివాళ్ళ గదులు మనమే వాడేసుకున్నట్లన్న మాట.

ఆ తరువాత 2014 వచ్చింది. అంతకుముందు ఒక సిమ్ కార్డు వందల డాలర్లు, ఇంకా వెనక్కి వెళితే వేల డాలర్లు పలికేది. ఖతార్ వారి ఊరిడూ, నార్వే వారి టెలినార్ రంగంలోకి దిగాక సిమ్ 1500 చాట్లకు దొరికింది. ఇల్లంటూ ఉన్న ప్రతివాడి చేతిలోకీ నేరుగా స్మార్ట్‌ఫోను వచ్చింది. చాలామంది జీవితంలో చూసిన మొదటి కంప్యూటరు అదే. ఫోను కొన్నప్పుడు దుకాణంలోని కుర్రవాడే జోజీ ఎక్కించి ఇచ్చేవాడు. కొన్ని కంపెనీలు ఫోనులోనే పెట్టి పంపాయి. నీ స్నేహితుడు జోజీలో వ్రాస్తుంటే నువ్వూ జోజీలోనే చదవాలి. లేకపోతే తెర మీద చిందరవందర. ఇదే ఈ వ్యాపారంలోని రెండో సూత్రం: వస్తువు విలువ దాని నాణ్యతలో కన్నా, ఎదుటివాడి దగ్గర కూడా అదే ఉండటంలో ఎక్కువ ఉంటుంది.

దాని వల్ల వచ్చిన చిక్కు ఏమిటో మా ఆవిడ చెబితేగాని నాకు పూర్తిగా అర్థం కాలేదు. ఆవిడ ఒక క్లినిక్‌లో పనిచేసేది, పేరు అనవసరం. అక్కడ రెండు పాత రోగుల జాబితాలను ఒకటి చేశారు. ఒకటి జోజీలో, రెండోది యూనికోడ్‌లో. ఇక్కడివాళ్ళకు ఇంటిపేర్లు ఉండవన్నది మనకు తెలిసిందే. ఒకే పేరు గలవాళ్ళు వీధికి పదిమంది. గుర్తింపు కార్డు నంబరు చూద్దామంటే, దానిలోనూ టౌన్‌షిప్పును తెలిపే బర్మా అక్షరాలుంటాయి. కంటికి ఒక్కలాగే కనబడే రెండు నంబర్లు యంత్రానికి వేర్వేరు నంబర్లు. ఒకావిడ అలా జాబితాలో ఇద్దరైంది. ఒక ‘ఆవిడ’కు పెన్సిలిన్ పడదని వ్రాసి ఉంది. రెండో ‘ఆవిడ’కు ఆ మాటే లేదు. డాక్టరు ముందు తెరుచుకున్నది రెండోది. పాత నర్సు ఎరిగిన మనిషి కాబట్టి గబుక్కున చెప్పింది, గండం గడిచింది. అక్షరాల లెక్క పండితుల గొడవ అనుకునేవాళ్ళకు నేను ఈ సంగతి చెబుతూ ఉంటాను.

దేశం మొత్తానికి తగిలిన దెబ్బ ఇంకా పెద్దది. 2018లో ఫేస్‌బుక్ సంస్థ, మయన్మార్‌లో విద్వేషపు రాతలను అడ్డుకోవటంలో తాము చాలా ఆలస్యం చేశామని ఒప్పుకుంది. రెండు రకాల అక్షరాలు చలామణిలో ఉండటం ఆ పనికి అడ్డయిందని కూడా చెప్పింది. యంత్రం చదవలేని రాతలో మంచీ చెడూ రెండూ దాక్కుంటాయి.

చివరికి 2019 అక్టోబరు 1వ తేదీని మార్పు దినంగా ప్రకటించి దేశం అధికారికంగా యూనికోడ్‌కు మారింది. అంతకుముందు సంవత్సరమే గూగుల్ ఒక ఉచిత పనిముట్టు విడుదల చేసింది. వచ్చిన వాక్యం జోజీయా, యూనికోడా అని అది ఊహిస్తుంది. ఊహ అనే మాట గమనించండి. రెండింటి సంఖ్యలూ ఒకటే కాబట్టి ఏది ఎక్కువ సంభవమో లెక్కవేసి చెప్పవలసిందే. ఫేస్‌బుక్ మార్పిడి యంత్రం పెట్టింది. వందలాది వెబ్‌సైట్లు, బ్యాంకులు, ఆఫీసులు తమ పాత రాతలన్నిటినీ తిరగవ్రాసుకున్నాయి. ఉచితంగా వచ్చిన ఫాంటుకు అసలు బిల్లు అప్పుడు వచ్చింది. దాన్ని కట్టినవాళ్ళు ఆ ఫాంటు చేసినవాళ్ళు కాదు, వాడుకున్నవాళ్ళు.

అయితే జోజీని తిట్టిపొయ్యటం నాకు ఇష్టం లేదు. పెద్ద కంపెనీలు పట్టించుకోని రోజుల్లో ఈ దేశంలోని సామాన్యుడికి తన భాషలో నాలుగు మాటలు వ్రాసుకునే అవకాశం ఇచ్చింది అదే. ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టిన చెయ్యి అది. ఆ అన్నం వండే బాధ్యత ఉన్నవాళ్ళు పొయ్యి వెలిగించటంలో ఆలస్యం చేశారు, తప్పు అక్కడ ఉంది.

మన ఇంటి సంగతి

“ఇదంతా వాళ్ళ గొడవ, మన తెలుగు యూనికోడ్‌లో మొదటినుంచీ ఉంది కదా” అంటారా? సంతోషించే ముందు మన ఇల్లు కూడా చూసుకుందాం.

1990లలో తెలుగు డీటీపీ వచ్చింది. అను ఫాంట్లు, శ్రీలిపి లాంటివి మన పుస్తకాల రూపురేఖలే మార్చేశాయి. శుభలేఖల దగ్గర నుంచి దినపత్రికల దాకా అన్నీ వాటితోనే. అందమైన అక్షరాలు, అందులో అనుమానం లేదు. కాని అవి కూడా జోజీ పద్ధతే. తలకట్టు ఒక ముక్క, కొమ్ము ఒక ముక్క, ఒత్తు ఒక ముక్క. ఇంగ్లీషు అక్షరాల సంఖ్యల మీద ఈ ముక్కలను అతికించారు. ఆ ఫాంటు ఉన్నంతవరకు తెలుగు కనబడుతుంది. ఫాంటు తీసేస్తే డాలరు గుర్తులు, ఆశ్చర్యార్థకాలు, అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు. తొలినాళ్ళలో తెలుగు పత్రికలు ఇంటర్నెట్‌లోకి వచ్చినప్పుడు ఒక్కొక్క పత్రికకు ఒక్కొక్క ఫాంటు దింపుకోవలసి వచ్చేది. ఆ రోజుల పేజీలను ఈనాడు వెతుకుదామంటే యంత్రానికి అక్కడ తెలుగు లేదు.

ఇప్పటికీ చాలా డీటీపీ షాపుల్లో అదే పద్ధతి నడుస్తోంది. వాళ్ళను తప్పుపట్టలేం. వేళ్ళకు అలవాటైన కీబోర్డు, వందల ఫాంట్లు, ఇరవై ఏళ్ళ ఫైళ్ళు. మారితే ఖర్చు వాళ్ళది, లాభం తరువాత వచ్చేవాళ్ళది. ఎవరు మాత్రం మారతారు? దీనినే వ్యాపార శాస్త్రంలో మార్పిడి ఖర్చు అంటారు. ఒక ఫాంటులో, ఒక ఫైలు పద్ధతిలో పడ్డాక బయటికి రావటానికి అయ్యే ఖర్చు అది. సాఫ్ట్‌వేరు కంపెనీల లాభాల్లో సగం ఈ ఖర్చు మీదే నిలబడి ఉంటాయని నా అభిప్రాయం.

మన సంఘంలో జరిగిన సంగతే తీసుకోండి. మన పాత సంచిక ఒకదానిలో ఒక పెద్దాయన, ఆయన ఇప్పుడు లేరు, 1942లో తన తండ్రి రంగం నుంచి కాలినడకన తాము మీదుగా మణిపూర్ చేరిన వైనం ఆరు పేజీలు వ్రాశారు. దారిలో ఎవరు జ్వరంతో పోయారో, ఎవరు ఎవరి పిల్లవాడిని భుజాన వేసుకున్నారో పేర్లతో సహా ఉంది. ఆయన మనవడికి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవటం రాదు. దాన్ని ఫోనులో వినాలని, బర్మీస్‌లోకి చేయించుకోవాలని ఫైలు అడిగాడు. సీడీ దొరికింది. దానిలో పేజ్‌మేకర్ ఫైలు ఉంది. ఆ సాఫ్ట్‌వేరు అమ్మకం ఆగిపోయి చాలా కాలమైంది. ఎలాగో తెరిస్తే లోపల ఉన్నదంతా డాలర్లూ ఆశ్చర్యార్థకాలే. అదృష్టం కొద్దీ ఒక కుటుంబం దగ్గర అచ్చు కాపీ చెదలు పట్టకుండా ఉంది. మన సభ్యురాలు ఒకరు రెండు వారాలు కూర్చుని మళ్ళీ టైపు చేశారు. ఆ కాగితం కూడా లేకపోతే? అడవుల్లో నుంచి ప్రాణాలతో బయటపడ్డ కథ ఒక ఫాంటులో చిక్కుకుని పోయేది.

తెలుగు మాటకు రెండింతల టికెట్టు

అక్షరాల లెక్క సరిపోయినా ఖర్చు పూర్తిగా తీరదు. ఒక చిన్న లెక్క చూడండి. ‘ఉగాది శుభాకాంక్షలు’ అనే మాటను యూనికోడ్ తెలుగులో, ఇంటర్నెట్‌లో మామూలుగా వాడే పద్ధతిలో దాస్తే 52 బైట్లు పడుతుంది. అదే మాటను మన పిల్లలు చేసినట్లు ఇంగ్లీషు అక్షరాలతో కొడితే 20 బైట్లు. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు, మన అక్షరానికీ గుణింతపు గుర్తుకూ తలా మూడు. బర్మా లిపికీ అంతే.

ఫోను సందేశాల సంగతీ అదే. ఇంగ్లీషులో ఒక ఎస్సెమ్మెస్‌కు 160 అక్షరాలు పడతాయి. ఒక్క తెలుగు అక్షరం దానిలో చేరినా మొత్తం సందేశానికి 70 మాత్రమే. రోగులకు రేపటి అపాయింట్‌మెంటు గుర్తుచేద్దామన్నా, బర్మీస్‌లో అయితే రెండు మూడు సందేశాల ఖర్చు. ఇది ఎవరో కుట్రపన్ని చేసింది కాదు. ఇల్లు కట్టినవాళ్ళు తమ కొలతలకు గుమ్మం పెట్టుకున్నారు. తరువాత వచ్చినవాళ్ళం మనం వంగి వెళుతున్నాం.

ఇప్పుడు కృత్రిమ మేధ వచ్చింది. ఈ యంత్రాలు వాక్యాన్ని ‘టోకెన్లు’ అనే ముక్కలుగా నరుక్కుని చదువుతాయి. ముక్కకు ఇంత అని డబ్బు తీసుకుంటాయి. ఎక్కువగా చూసిన ఇంగ్లీషు మాట ఒకే ముక్క అవుతుంది. తక్కువగా చూసిన తెలుగు మాట, బర్మా మాట చిన్న చిన్న తునకలవుతాయి. తొలి మోడళ్ళలో ఒకే అర్థం గల వాక్యానికి మన భాషల్లో ఎన్నో రెట్లు ముక్కలు పడేవి. అంటే డబ్బూ ఎక్కువే, తెలివీ తక్కువే. కొత్తవాటిలో పరిస్థితి మెరుగవుతోంది. కాని అవి నేర్చుకునేది ఎక్కడినుంచి? యంత్రం చదవగలిగే రూపంలో మనం వ్రాసి పెట్టుకున్న రాతల నుంచే. పాత ఫాంట్లలో ఇరుక్కున్న వేల పుస్తకాలు వాటి దృష్టిలో అసలు లేనట్లే.

“ఇప్పుడు నోటితో చెబితే యంత్రం వింటోంది కదా, ఇంకా అక్షరాలెందుకు?” అని మా మిత్రుడొకరు వాదిస్తారు. నోటితో చెప్పింది కూడా లోపల అక్షరాలుగానే మారుతుందండీ. పైగా ఏ యాస యంత్రానికి నేర్పారో ఆ యాసే దానికి వస్తుంది. నూరేళ్ళ కిందట శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వచ్చి, బర్మా మాటలు కలుపుకున్న మన ఇళ్ళల్లోని తెలుగును ఏ కంపెనీ రికార్డు చేసింది?

2018 ఫిబ్రవరి సంగతి కొందరికి గుర్తుండవచ్చు. ‘జ్ఞా’ అనే అక్షరాన్ని ఒక ప్రత్యేకమైన కూర్పులో పంపితే ఐఫోన్లలో మెసేజీల యాప్‌లు కుప్పకూలాయి. ప్రపంచ పత్రికలన్నీ తెలుగు అక్షరం గురించి వ్రాశాయి. ఆపిల్ కొద్ది రోజుల్లోనే, ఫిబ్రవరి 19న, సవరణ విడుదల చేసింది. ‘జ్ఞానం’ మొదటి అక్షరానికి అంత ఖరీదైన ఫోను తట్టుకోలేకపోయిందని మనం నవ్వుకున్నాం. ఆ నవ్వులో ఒక నిజం ఉంది. న్యూయార్కు, లండన్‌లలోని ఫోన్లు కూలాయి కాబట్టి అంత త్వరగా సవరించారు. మన ఫోన్లు మాత్రమే కూలి ఉంటే అంత తొందర ఉండేదా అని నాకు అనుమానం.

బెల్లం ముక్క

ఇక మాట ఇచ్చిన బెల్లం. ఈ వ్యాపారంలో పెద్ద కంపెనీలు చెయ్యని పనులను మామూలు మనుషులు చేసిన సందర్భాలు మన తెలుగులోనే ఉన్నాయి. 1990లలో అమెరికాలో రైస్ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న తెలుగువాళ్ళు, ఇంగ్లీషు మీటలతో తెలుగు వ్రాసే ‘రిట్’ను తయారుచేసి అందరికీ ఇచ్చేశారు. తిరుమల కృష్ణ దేశికాచారిగారు పోతన, వేమన ఫాంట్లు చేసి ఉచితంగా పెట్టారు. 2003లో మొదలైన తెలుగు వికీపీడియాను జీతం లేనివాళ్ళే పెంచారు. 2006లో లేఖిని వచ్చాక, ఏ సాఫ్ట్‌వేరూ ఎక్కించుకోకుండా ఎవరైనా తెలుగు టైపు చెయ్యగలిగారు. గిడుగు, గురజాడ, మండలి, సూరన్న, పెద్దన, ధూర్జటి పేర్లతో అందమైన యూనికోడ్ ఫాంట్లు ఇప్పుడు ఉచితంగా దొరుకుతున్నాయి. మొదటి కాపీకే ఖర్చంతా అని పైన చెప్పాను కదా. దానికి రెండో వైపు కూడా ఉంది. ఒక్క మనిషి ఆ మొదటి కాపీ చేసి దానం చేస్తే, అది కోటిమందికి అందుతుంది. ఏ అన్నదానంలోనూ ఇంత పుణ్యం లేదు.

అందువల్ల మన సంఘం శక్తికి తగినట్లు, కరెంటు కోతల మధ్య కూడా చెయ్యదగిన పనులు నాలుగు సూచిస్తున్నాను.

1. వచ్చే సంచికకు వ్యాసాలన్నీ యూనికోడ్‌లోనే తీసుకుందాం. అచ్చువారు తమ సౌకర్యం కోసం ఏ ఫాంటులోకి మార్చుకున్నా సరే, దిద్దుబాట్లన్నీ పూర్తయిన యూనికోడ్ ప్రతి సంఘం దగ్గర ఉండాలి. పీడీఎఫ్ ఒక్కటే ఉంటే చాలదు. అది ఫొటో లాంటిది, చూడటానికే పనికివస్తుంది.

2. ఇళ్ళల్లో ఉన్న పాత సంచికలు, ఉత్తరాలు, పెళ్ళి పత్రికలు ఒకచోట చేర్చి ఫొటోలు తీద్దాం. కాలినడక నాటి కథలు, 1964 నాటి కథలు ముందుగా టైపు చేద్దాం. పది కుటుంబాలు తలా ఆరు పేజీలు పంచుకుంటే సంక్రాంతిలోపు అవుతుంది.

3. పిల్లలకు తెలుగు చేతివ్రాతతో పాటు తెలుగు టైపింగు కూడా నేర్పుదాం. ఫోనులో తెలుగు కీబోర్డు ఉచితంగానే ఉంది. నెలకు ఒకసారైనా నాన్నమ్మకు తెలుగు అక్షరాలతో మెసేజి పెట్టమందాం. తప్పులుంటే ఉండనివ్వండి, నాన్నమ్మ దిద్దుతుంది.

4. పెద్దలను కూర్చోబెట్టి మాటలు రికార్డు చేద్దాం. ఏ ఊరి నుంచి వచ్చారు, ఏ మిల్లులో పనిచేశారు, ఇక్కడి కూరగాయలను తెలుగులో ఏమని పిలుచుకునేవారు, అన్నీ అడుగుదాం.

వీటిలో ఏదీ లక్షలతో పని కాదు. కొంత ఓపిక, కొన్ని ఆదివారాలు చాలు.

అక్షరమ్ముక్క ఖరీదెంతని శీర్షికలో అడిగాను. నా లెక్క ఇది. ముందుగా సరిగ్గా వ్రాసి పెట్టుకుంటే దాదాపు ఏమీ కాదు. తరువాత దిద్దుకోవలసి వస్తే, ఒక దేశం మొత్తం ఒక తేదీ పెట్టుకుని మారవలసినంత. వ్రాసినవాళ్ళు పోయి, కాగితం కూడా పోతే, ఏ ధరకూ దొరకదు. మొదటి ధరకు కొనుక్కునే అవకాశం మనకు ఇంకా ఉంది.

ఉగాది భోజనాల దగ్గర కలిసినప్పుడు, మీ ఇంటి పాత పెట్టెలో ఏమున్నదో నాకు చెప్పండి. ఫొటో తీసే పని నాది, టైపు చేసే పని మా ఆవిడ, మా అమ్మాయి ఇప్పటికే ఒప్పుకున్నారు. సెలవు.